యాసిడ్ తిన్న బండలు

మా ఈతకొలను చుట్టూ ఉన్న కడప బండలు అప్పడాల్లా పొరలు పొరలుగా లేస్తున్నాయని నాకు తెలుసు. తెలిసీ చూడనట్టే తిరిగాను. ఈ వేసవిలో చేజర్ల నుంచి ఈతకొచ్చిన ఒక పాప కాలు, లేచిన బండ అంచుకు తగిలి చీరుకుపోయింది. "టికెట్టు డబ్బులు తీసుకునేది పిలకాయల కాళ్ళు కోసేదానికా?" అని వాళ్ళ నాన్న నా మొహం మీదే అన్నాడు. అతనన్నదాంట్లో తప్పేముంది? మరునాడే గేటుకు తాళం వేసి మేస్త్రీకి ఫోన్ చేశాను.

అన్నాళ్ళూ ఆగింది బద్ధకంతో కాదు. ఆ బండలు పరిచింది మా ఆయన. మర్రిపాడు నుంచి వచ్చి ఆత్మకూరులో ఇళ్ళకు బండలు పరుస్తూ బతికిన మనిషి. ఊరి బయట మా పొలం చెక్కలో బోరు బాగా పడితే, పైరు పెట్టకుండా ఈతకొలను కడతానన్నాడు. తనకేమో ఈత రాదు. నవ్వని వాళ్ళు లేరు, నాతో సహా. కొలను వంపు తిరిగి ఉంటుంది కాబట్టి ఒక్కో బండను దాని చోటుకు తగ్గట్టు కోసి, సరిచూసి, తనే పరిచాడు. రెండు వేసవులు నడిపి గుండెపోటుతో పోయాడు.

మా బోరుది ఉప్పునీరు. తడి ఆరితే నల్లబండ మీద తెల్లచార కడుతుంది. ఆయన శనివారం శనివారం గొంతుక్కూర్చుని కొబ్బరిపీచుతో రుద్దేవాడు. "ఎందుకంత అవస్థ, బాత్రూముకు పోసినట్టు కాస్త యాసిడ్ పోయరాదా?" అని ఎగతాళి చేసేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు. ఆయన పోయాక ఆ పని నాకొచ్చింది. నేను యాసిడే పోశాను. చార పోయి తడిబండ నల్లగా తేలితే, ఆయన ఇప్పుడే పరిచి లేచినట్టుండేది. ఇంట్లో దీపం పెట్టడం మరిచిన రోజులున్నాయి గానీ, ఆ బండలు కడగని శనివారం లేదు.

మేస్త్రీ మా ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడే. నన్ను వదినా అంటాడు. వంగి గోటితో గీరితే బండ పొడి రాలింది.

"ఏం పోసి కడిగినావు వదినా?"

"యాసిడ్. వారం వారం."

అతను తల పట్టుకున్నాడు. "కడప బండకు ఎవురన్నా యాసిడ్ పోస్తారా? తినేస్తాది. అన్న చెప్పలేదా నీకు?"

చెప్పలేదు. నవ్వి ఊరుకున్నాడు. ఆ ఒక్క ముక్క చెప్పి పోయుంటే ఏం పోయేదని ఆయన మీద ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఎంతోసేపు నిలవలేదు. బండలను తిన్నది ఆయన మౌనం కాదు, నా చేతులు.

"ఒక్కటీ పనికిరాదు వదినా. అన్నీ తీసెయ్యాల్సిందే."

గునపంతో పెళ్ళగిస్తుంటే చూడలేక గదిలోకి పోయాను. కాసేపటికి అతనే కేకేశాడు. మెట్ల దగ్గరి బండను తిరగేసి పెట్టున్నాడు. అడుగున సిమెంటు అందని చోట సుద్దముక్కతో రాసిన అంకె ఒకటి ఉంది. ఏ బండ ఎక్కడ పరచాలో తెలియడానికి మా ఆయన వేసుకున్న గుర్తు. నాలుగు. బోర్లించిన కుర్చీలా, పైన కలపకుండా ఆయన రాసే నాలుగు. బడికి పోని మనిషి, అంకెలు తప్ప ఏమీ రాసేవాడు కాదు. ఇల్లంతా వెతికినా ఆయన రాత ఇంకెక్కడా లేదు.

అంకె చుట్టూ మట్టి అంటుకుని ఉంది. బాగా కనపడాలని కొంగు తడిపి తుడవబోయాను. చెయ్యి దాని మీదకు పోతూ పోతూ ఆగిపోయింది. అక్కడే కూలబడి, మేస్త్రీ ముందరే ఏడ్చాను.

కొత్త బండలు పరిచారు. పిల్లలు మళ్ళీ వస్తున్నారు. శనివారం నేనూ కొబ్బరిపీచుతోనే రుద్దుతున్నాను. నాలుగో బండ నా మంచం పక్కన గోడకు ఆనించి ఉంది. దాని మట్టి దానికే ఉంది. నేను కడగను.