హారన్ తాడు

కాపురానికి జంషెడ్‌పూర్ వచ్చిన కొత్తలో, అమ్మకం అంటే నాకు తెలిసింది మా ఊరి పశువుల సంత ఒక్కటే. అక్కడ ఎద్దును అమ్మినా తాడు ఇవ్వరు. కొన్నవాడు తన తాడు తెచ్చుకోవాలి. తాడు కూడా ఇచ్చేస్తే ఇంటి అదృష్టం దాని వెంటే పోతుందట. (నవ్వండి. అసలు సంగతి ఇంకా రాలేదు.)

మా ఆయన ఒక ఫ్యాక్టరీలో సరుకు వ్యాగన్లు లాగే డీజిల్ ఇంజన్‌కు డ్రైవరు. దాన్ని రైల్వేవాళ్లు అరగదీసి అమ్మేస్తే ఫ్యాక్టరీవాళ్లు కొన్నారు. ఒక సాయంత్రం ఆయన మొహం వేలాడేసుకుని వచ్చి, "ఇంజన్ని గమ్హరియా సేటుకి అమ్మేసినారు. ఎల్లుండి తోలుకుపోతారు. నాకింక పని నేదు," అన్నారు. కొత్త కాపురం, ఆ జీతం మీదే పొయ్యి వెలగాలి. అయినా నా నోట వచ్చిన మాట వేరు.

"మావా, తాడు కూడా ఇచ్చేత్తారేటి?"

"ఇంజన్‌కి తాడేటే, పిచ్చిమొకమా!"

మా అత్త వంటింట్లోంచి అందుకుంది. "కోడలు అడిగిందాన్లో తప్పేటున్నాదిరా? ఏదో తాడుంటాది, ఎతుకు."

"లాగితే కూసే హారన్ తాడొకటున్నాది," అని ఆయన నోరు జారారు. ఇక వదులుతామా? మర్నాడు సిగ్గుపడుతూనే దాన్ని విప్పి, టిఫిన్ డబ్బాలో చుట్టి తెచ్చారు. అత్త పసుపు రాసి దేవుడి పటం దగ్గర పెట్టింది.

ఇంజన్ వెళ్లింది గాని కూయలేదు. కొత్తవాళ్లు గోతాం పురికొస కట్టి లాగితే తెగిందట. కూత లేకుండా గేటు దాటనివ్వరు. మూడో రోజు సేటు గుమాస్తా స్కూటరు మీద వచ్చి, "రస్సీ కిధర్ హై?" అన్నాడు. అత్త గుమ్మానికి అడ్డం నిలబడి, తనకొచ్చిన హిందీ అంతా ఒక్కసారే ఖర్చు పెట్టేసింది. "రస్సీ నై దేగా! ఆద్మీ లేకే జావ్!"

తాడు ఇవ్వను, మనిషిని తీసుకుపో అని. గుమాస్తా నవ్వి నవ్వి అరుగు మీద కూలబడ్డాడు. నవ్వాక నిజంగానే మా ఆయన్ని స్కూటరెక్కించుకున్నాడు, చేతిలో పసుపు తాడుతో సహా.

తర్వాత సేటు ఆ ఇంజన్ని సిమెంటు కంపెనీకి అమ్మాడు. తాడు ముందే ఇంటికొచ్చింది, వెనకే మా ఆయన కోసం వాళ్ల మనిషీ వచ్చాడు. ఆఖర్న పాత ఇనుము వ్యాపారి కొన్నాడు. అతనికి కూతతో పనేముంది? ఎవరూ రాలేదు. అప్పటికి మా ఆయనకూ చూపు తగ్గింది.

ఆయన పోయిన పదోనాడు నా మెడలో తాడు తీశారు. అది ఉంచుకోమనడానికి అప్పటికి అత్త లేదు.

హారన్ తాడుకు ఇంకో ముక్క ముడేసి, ఊళ్లో మాంగో అనే పేటలో మా వసారాలో కట్టాను. చీరలు ఆరేస్తాను. తీసేటప్పుడు ఒక్కోసారి గట్టిగా లాగి, చెవొగ్గి నిలబడతాను. ఈ వయసులోనూ పిచ్చిమొకమే.