ఉప్పెక్కిన బావి

నా చిన్నప్పుడు మా వీధి మొత్తానికి మా పెరటి బావి నీళ్ళే ఆధారం. నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊరు మాది. ఏ చేలో తవ్వినా ఉప్పునీళ్ళే. మా ఇల్లు ఇసుక మెరక మీద ఉండబట్టి ఆ ఒక్క బావే తియ్యగా ఉండేది. వేసవిలో కాలవకి నీళ్ళు కట్టేశాక వీధి ఆడవాళ్ళంతా బిందెలతో వచ్చేవారు. మా నాయనమ్మ ఎవరినీ కాదనేది కాదు. నీరు బాగా తగ్గితే మాత్రం "ఊరనివ్వండమ్మా, సాయంత్రం రండి" అని చేద తీసి లోపల పెట్టేసేది.

ఒక వేసవిలో మా బాబాయి ఆయిలింజను కొన్నాడు. పెరటి వెనక నేల చెక్కలో దోసపాదులు పెట్టి, బావిలోకి గొట్టం దించాడు. నాయనమ్మ వద్దని మొత్తుకుంది.

"తోడేకొద్దీ ఊరుతుందమ్మా, బావికేం లోటు!" అని నవ్వేశాడు.

ఇంజను పొద్దుగూకేదాకా మోగుతూనే ఉండేది.

కొన్నాళ్ళకి పక్కింటి అక్క చెంబు పట్టుకుని వచ్చింది. పచ్చి బాలింత. పప్పు ఎంతసేపటికీ ఉడకడం లేదని, నీళ్ళు ఒకసారి చూడమని అంది. నాయనమ్మ ఒక గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేసింది. ఆవిడ మొహం అలా మారడం నేనెప్పుడూ చూడలేదు. బాబాయిని పిలిచి, వీధి వాళ్ళందరి ముందూ చెంబు చేతికిచ్చింది.

"తాగు."

ఆయన చెంబు కింద పెట్టబోయాడు.

"తాగరా! నీ దోసకాయల కోసం ఇంతమంది గొంతులు ఎండగట్టావు. ఈ పిల్ల పసిగుడ్డునొదిలి ఎండలో ఎక్కడికెళ్ళి తెచ్చుకుంటుందిరా నీళ్ళు?"

బాబాయి ఒక గుక్క పోసుకుని, మింగలేక తల దించుకున్నాడు. నేను భయపడి ఏడ్చాను.

మధ్యాహ్నం నాయనమ్మ దగ్గరికి చేరి, సముద్రం అంత దూరంలో ఉంటే బావిలోకి ఉప్పెలా వచ్చిందని అడిగాను. ఆవిడ కోపం ఇంకా దిగలేదు. గాజుగ్లాసులో ఉప్పునీళ్ళు పోసి పసుపు కలిపింది. దాని మీద గరిటె ఆనించి మంచినీళ్ళు మెల్లగా జారవిడిచింది. రెండూ కలవలేదు. అడుగున పచ్చగా, పైన తెల్లగా నిలిచాయి.

"పైది వాననీరు. ఇసుకలో ఇంకి, అడుగునున్న ఉప్పునీళ్ళ మీద మీగడలా తేలుతుంది. మనది ఆ మీగడే" అని, బొప్పాయి కాడ చేతికిచ్చి పైపైన మెల్లగా పీల్చమంది. చప్పగా ఉంది. గట్టిగా పీల్చమంది. పచ్చనీరు సర్రున పైకి లేచి నోరంతా ఉప్పయింది.

"మీ బాబాయి చేసిందిదే. ఊట ఊరికే రాదు. వానే పోయాలి."

దోసపాదులు కూడా ఆ నీళ్ళకే మాడిపోయాయి. ఇంజను తీసేశారు. వానలొచ్చాయి, వెళ్ళాయి, నీళ్ళ ఉప్పు పోలేదు. బావి మళ్ళీ తియ్యనయ్యేసరికి పక్కింటి అక్క కొడుకు పరుగులు పెడుతున్నాడు. అన్నాళ్ళూ ఆ అక్క పక్క ఊరి చెరువు నుంచి బిందె మోసింది. అలా మోయించినందుకు నాయనమ్మ కొడుకుని ఎన్నడూ క్షమించలేదు.

ఇప్పుడా మెరక చుట్టూ ఉప్పునీళ్ళ రొయ్యల చెరువులే. ఇంటింటికీ బోరు, బోరుకో మోటారు. ఉప్పు తగిలితే ఇంకా లోతుకి దింపుతారు. తాగడానికి టిన్ను నీళ్ళు. మొన్న మా వెనక పొలంలో కొత్త చెరువు తవ్విస్తున్న కుర్రాణ్ణి ఆపమన్నాను.

"నా పొలం నా ఇష్టం మామ్మగారూ" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. "పొలం నీదే బాబూ. కింద నీళ్ళకి గట్లు వేశావా?" అని రోడ్డు మీదే అరిచాను. వాడు మొహం తిప్పుకున్నాడు. పొక్లెయిను ఆగలేదు.

ఈ వయసులో అంత కోపం మంచిది కాదని ఇంట్లో వాళ్ళు బీపీ మాత్ర తెచ్చిస్తారు. వేసుకుంటాను. మర్నాడు మళ్ళీ వెళ్ళి అదే మాట అడుగుతాను. మాత్ర వేసుకున్నా ఆ కోపం దిగదు. అది నాది కాదు, మా నాయనమ్మది.