అరవై నాలుగు తొట్ల పరీక్ష

మా చిన్న ద్వీపంలోని లెస్టేర్ ఊళ్లో నర్సు వెర్లీన్ క్వాషీ చేతి సూది తగలని మనిషి లేడు. ముప్పై ఏళ్లుగా ఊరి ఆరోగ్య కేంద్రంలో ఆవిడే. సగం ఊరికి బొడ్డు కోసింది, పోయినవాళ్లకు కళ్లు మూసింది. అలాంటి మనిషి యాభయ్యో పడిలో పడ్డాక కంప్యూటర్ ముందు కూర్చుని ప్రజారోగ్యంలో పీజీ చదువుతానంటే ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది.

"ఇంకా ఏం నేర్చుకుంటావే తల్లీ? మాకు రాని రోగం ఇంకేదైనా మిగిలిందా?" అంది టాంటీ ఎల్మా. రేవు దగ్గర కొట్టు నడిపే ఎల్మాకు డెబ్బై ఎనిమిదేళ్లు. వరసతో పనిలేకుండా పిల్లా పెద్దా అందరికీ ఆవిడ టాంటీయే, అంటే అత్తమ్మ.

"రోగం వచ్చాక మందివ్వడం నాకు వచ్చు టాంటీ. రాకుండా ఆపడమే రాలేదు. అది నేర్చుకుందామని," అంది వెర్లీన్.

అది నిజమే కానీ, అసలు నిప్పు వేరే చోట రాజుకుంది. పెద్ద ద్వీపం గ్రెనడాలో ఒక మీటింగులో జ్వరాల లెక్కల గురించి ఆవిడ ఏదో అడగబోతే, నిన్నగాక మొన్న మీసాలొచ్చిన ఒక అధికారి, "ఈ అంకెల సంగతి చదువుకున్నవాళ్లకు వదిలేయండమ్మా," అన్నాడు. ఆ అబ్బాయి పుట్టినప్పుడు ఈవిడ అప్పటికే నాలుగేళ్ల సర్వీసున్న నర్సు. ఒళ్లు మండదూ మరి! తిరుగు పడవ దిగిన మరుసటి వారమే దరఖాస్తు పంపింది.

మూడున్నరేళ్లు గడిచాయి. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు కేంద్రం తలుపు దగ్గరగా వేసి, ఒక చేత్తో రొట్టె తింటూ, రెండో చేత్తో పాఠాలు రాసుకునేది. మిగతా పేపర్లన్నీ గట్టెక్కినా గణాంకశాస్త్రం ఒకటి ఆవిడను నానా తిప్పలు పెట్టి ఒకసారి పరీక్ష తప్పేలా చేసింది కూడా. చివరికి వంటింటి బల్ల మీద కందులు పోసుకుని, ఎర్రవీ పచ్చవీ కలిపి, గుప్పెడు తీసి లెక్కపెట్టి, మళ్లీ కలిపి, మళ్లీ తీసి, శాంపిల్ అంటే ఏమిటో తనకు తానే చెప్పుకుంది. ఆ వారమంతా ఇంట్లో కందుల కూరే.

ఇక మిగిలింది థీసిస్ ఒక్కటే. అది జూన్ ఆఖరులోపు ఆమోదం పొందకపోతే నాలుగేళ్ల గడువు దాటిపోతుంది, చదివిన చదువంతా గంగపాలవుతుంది. ఆ తర్వాత మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే ఓపిక తనకు లేదని వెర్లీన్‌కు తెలుసు.

ఆవిడ ఎంచుకున్న విషయం మా నీళ్ల తొట్లు. మాకు వాగూ లేదు, వంకా లేదు. ఇంటి కప్పు మీద పడ్డ వానే పక్కనున్న సిమెంటు తొట్టిలోకి దిగాలి, ఏడాదంతా అదే తాగాలి. దోమలకూ ఆ తొట్టే పుట్టిల్లు. కిందటి వానల్లో ఇరవై ఏడుగురికి డెంగీ వచ్చింది. తొట్టికి వల కప్పండి, దోమ పురుగుల్ని తినే చిన్న చేపలు వెయ్యండి అని వెర్లీన్ పదేళ్లుగా గొంతు చించుకుంటోంది. అందరూ తలూపుతారు. ఎవరూ చెయ్యరు. ఊరి అరవై నాలుగు తొట్లలో ఎన్నింట్లో పురుగుందో చూసి లెక్క తేల్చడమే థీసిస్.

యూనివర్సిటీ వాళ్లకో నియమం ఉంది. ఏ ఇంటి తొట్టి మూత ఎత్తాలన్నా వారం ముందు కాగితం చదివి వినిపించి, ఇంటివాళ్ల సంతకం తీసుకోవాలి. వెర్లీన్ తు చ తప్పకుండా అరవై నాలుగు ఇళ్లలోనూ చదివింది: "ఈ పరిశీలన నా పీజీ డిగ్రీ కోసం." సంతకాలు తీసుకుని, టీకాల శిక్షణ కోసం మూడు రోజులు గ్రెనడా వెళ్లింది. తిరిగొచ్చి, టార్చిలైటు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది.

అరవై మూడు తొట్లు అద్దంలా ఉన్నాయి. ఒక్కటంటే ఒక్క పురుగు లేదు. కొత్త వలలు, ఈదుతున్న చేపలు. ముసలి కెప్టెన్ హెస్కెత్ ఎనో తొట్టిలో మాత్రం దోమ పిల్లలు కిటకిటలాడుతున్నాయి. వెర్లీన్ పొంగిపోయింది. తన పదేళ్ల మాటలు చెవికెక్కాయన్న మాట! కెప్టెన్ మీద మాత్రం చిర్రెత్తుకొచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాసి పంపింది.

వారం తిరిగేసరికి ఆవిడ గైడు డాక్టర్ ఆల్డ్రిడ్జ్ తెర మీద ప్రత్యక్షమైంది. ఎక్కడో చలిదేశంలో ఉంటుంది, మెడకు ఉన్ని గుడ్డ లేకుండా ఎప్పుడూ కనిపించదు.

"క్వాషీ గారూ, కిందటేడు ఇరవై ఏడు డెంగీ కేసులున్న ఊళ్లో అరవై నాలుగింట అరవై మూడు తొట్లు శుభ్రమా? ఇలాంటి అంకెలు ఇంట్లో కూర్చుని రాస్తేనే వస్తాయి."

వెర్లీన్ తన లెక్కల పుస్తకం తెరకు చూపించబోయింది.

"నేను నింద వెయ్యట్లేదు. కానీ గురువారం వైవాలో దీనికి కారణం చెప్పలేకపోతే, థీసిస్ తిరస్కరించక తప్పదు."

తెర ఆరిపోయింది. వెర్లీన్‌కు కోపం, అవమానం, ఏడుపు మూడూ ఒక్కసారే వచ్చాయి. ముప్పై ఏళ్లలో జ్వరం డిగ్రీ ఒక్క గీత ఎక్కువ రాయని మనిషిని దొంగలెక్కలు రాశావంటారా! ఒక్కొక్క తొట్టీ మళ్లీ చూస్తానని టార్చి తీసుకుని బయల్దేరింది. పురుగున్న తొట్టి నుంచే మొదలుపెడదామని నేరుగా కెప్టెన్ ఇంటికి వెళ్లింది.

కెప్టెన్ ఎనో అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. ఎనభై ఏళ్లు, మాట వినే అలవాటు పుట్టుకతోనే లేదు.

"రా నర్సమ్మా! నువ్వు కూడా తిట్టిపోదామనే వచ్చావా? ఊరంతా తిట్టింది, నువ్వే మిగిలావు."

"ఊరెందుకు తిట్టింది?"

"నేను మెరూన్‌కి పోలేదని."

మెరూన్ అంటే మాకు ఊరుమ్మడి పని. ఒకరి ఇల్లు లేవాలన్నా, పడవ నీట దిగాలన్నా అందరూ కలిసి చెయ్యి వేస్తారు, బయట పెద్ద బానల్లో వండుకుని తింటారు. వెర్లీన్ అయోమయంగా చూసింది.

"ఏ మెరూన్? నాకు తెలీకుండా?"

"నీకు తెలీకూడదనే కదా! నువ్వు గ్రెనడాలో ఉన్న మూడు రోజులూ జరిగింది. 'నర్సమ్మ పరీక్ష మన తొట్లలో ఉందట, మన తొట్లో పురుగు కనిపిస్తే ఆవిడ తప్పుతుందట' అని ఎల్మా దండోరా వేసింది. ఊరు ఊరంతా తొట్లలోకి దిగి తోమారు. నేను మాత్రం దిగనన్నాను. నా తొట్లో పురుగుంది, ఉన్నదే చూపిస్తానన్నాను. అప్పట్నుంచి నాకు ఒక్కడు చేప అమ్మితే ఒట్టు!"

వెర్లీన్ అక్కడే చతికిలబడింది. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క నిజమైన లెక్క ఈ మొండి ముసలాడిది. దాన్నే ఆవిడ తిట్టుకుంటూ రాసుకుంది.

ఎల్మా కొట్టుకు ఉరుకులు పరుగుల మీద వెళ్లింది. కొట్టు ముందు నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. ఈవిడ ముఖం చూసి అందరూ సముద్రం వైపు తిరిగారు.

"ఎంత పని చేశావు టాంటీ! నన్ను ముంచేశావు!"

"ముంచడమా? ఆరు బానల మొక్కజొన్న సంకటి వండాను నీ కోసం! ఈ మోకాళ్లతో!" ఎల్మాకు నిజంగానే మనసు కష్టమైంది. "ఒక్క పురుగు మిగల్చలేదే! నూటికి నూరు రావాలి కదా నీకు?"

"శుభ్రంగా ఉంటే మార్కులు రావు టాంటీ. ఉన్నది ఉన్నట్టు చూపిస్తేనే వస్తాయి."

"ఇదేం పరీక్షే, మురికికి మార్కులేసే పరీక్ష!"

సంగతంతా విన్నాక ఎల్మా గడ్డం గోక్కుని, "ఇందులో ఏముంది? నువ్వే చెప్పి చేయించానని రాసెయ్. నువ్వు పదేళ్లుగా చెబుతున్నమాట అబద్ధమా?" అంది.

వెర్లీన్ ఆ మాటను కొట్టిపారెయ్యలేకపోయింది. మరుసటి మధ్యాహ్నం కూర్చుని అలాగే రాసింది: ఇల్లిల్లూ తిరిగి ఒక కాగితం చదివి వినిపించడంతో వారంలో అరవై మూడు కుటుంబాలు తొట్లు శుభ్రం చేసుకున్నాయి. చదువుకుంటే ఎంత బాగుందో! డిగ్రీ చేతిలో ఉన్నట్టే ఉంది. రొట్టె పూర్తిగా తినేదాకా దాన్ని చూస్తూ కూర్చుంది. అప్పుడు ఆవిడకో ఆలోచన వచ్చింది. రేపు ఎక్కడో ఇంకో ద్వీపంలో ఇంకో నర్సు ఇది చదివి నమ్ముతుంది. పాపం, ఒక కాగితం పట్టుకుని ఎండలో ఇల్లిల్లూ తిరుగుతుంది. ఎవరూ ఏమీ చెయ్యరు. తప్పు తనదే అనుకుంటుంది. పదేళ్లు తను అనుకున్నట్టే. వెర్లీన్ రాసిందంతా చెరిపేసింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా. తర్వాత ముక్కు చీదుకుని టీకాలు వెయ్యడానికి లేచింది.

గురువారం రెండింటికి వైవా. వెర్లీన్ ఇస్త్రీ యూనిఫాం వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. కిటికీ అవతల ఊరంతా ఆదివారం బట్టల్లో నిలబడి ఉంది. పొమ్మంటే పోయే జనం కాదని ఆవిడ తలుపేసుకుంది.

"చెప్పండి క్వాషీ గారూ," అంది డాక్టర్ ఆల్డ్రిడ్జ్.

"నా అంకెలు తప్పు కావండి. కానీ అవి దేనికీ పనికిరావు. నేను వెళ్లేసరికి ఊరు తొట్లు కడిగేసింది. నేను చెప్పలేదు, నాకు తెలీదు. నేను కొలిచింది తొట్లను కాదు. అబద్ధం రాయలేదు. అంతకు మించి చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఎందుకు కడిగారు?"

ఆ మాట చాలు. తలుపు తోసుకుని ఎల్మా లోపలికొచ్చి, తెర మీద ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడింది.

"నన్నడుగు డాక్టరమ్మా, నేను చెబుతాను! నా ముగ్గురు మనవల్ని ఈ పిల్లే భూమ్మీదకి తెచ్చింది. ఇది పరీక్ష తప్పితే ఊరికి నామోషీ కాదూ? మీ ఊళ్లో మీరు ఊరుకుంటారా?"

వెర్లీన్ కళ్లు మూసుకుంది. అయిపోయింది, అనుకుంది.

"అమ్మా, డెంగీ వస్తుందని ఆవిడ పదేళ్లు చెప్పారు కదా. అప్పుడెందుకు కడగలేదు?" అని డాక్టరమ్మ నెమ్మదిగా అడిగింది.

ఎల్మా ఆవిడను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "అప్పుడు జ్వరం వచ్చేది మాకు. ఇప్పుడు తప్పేది ఆమె!"

వెర్లీన్ నెమ్మదిగా కళ్లు తెరిచింది. డాక్టర్ ఆల్డ్రిడ్జ్ మెడకున్న ఉన్ని గుడ్డ తీసేసి, నవ్వు ఆపుకోలేక దాంతోనే కళ్లు తుడుచుకుంటోంది.

"క్వాషీ గారూ, ఆ అమ్మ ఇప్పుడన్న మాట రాసుకున్నారా? రాసుకోండి. తొట్ల సంగతి వదిలేయండి. ఎవరు పిలిచారు, ఎవరు వచ్చారు, ఎవరు రానన్నారు, ఎందుకు? నెల రోజులు టైమిస్తాను. గడువులోపే అవుతుంది."

వెర్లీన్ ఆ నెలంతా ఇల్లిల్లూ తిరిగి, అందరి కథలూ రాసింది. కెప్టెన్‌కు ఏకంగా ఆరు పేజీలిచ్చింది. జూన్ మూడో వారంలో ఉత్తరం వచ్చింది: ఉత్తీర్ణత. కొట్టు ముందు చదివి వినిపిస్తే ఎవరో డప్పు తెచ్చారు, ఎల్మా మోకాళ్ల సంగతి మరిచి రెండడుగులు వేసింది. వెర్లీన్ అందరి మధ్యా నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది.

ఆ వానల్లో డెంగీ వచ్చింది ముగ్గురికే. కానీ క్రిస్మస్ దాటేసరికి వలలు చిరిగాయి, మూతలు తెరుచుకున్నాయి. వెర్లీన్ చెబితే అందరూ యథాప్రకారం తలూపారు.

"నీ పరీక్ష అయిపోయింది కదే, ఇంకెందుకు కడుగుతారు?" అంది ఎల్మా ఉప్పు చేపలు తూస్తూ. "ఇంకో పరీక్ష ఉందని చెప్పు. ఒక్క మాట! రేపే దిగుతారు."

"అబద్ధం చెప్పలేను టాంటీ."

"అయితే జ్వరాలు రానీ."

వెర్లీన్ ఇంటికెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుంది. కూర్చుని తనను తానే తిట్టుకుంది. ఇంకొక్క ఫారం నింపితే చెప్పుచ్చుకు కొట్టమని జూన్‌లోనే అందరి ముందూ అని ఉంది. అయినా నింపింది. రెండు నెలల తర్వాత కొట్టుకు వచ్చి, మెల్లగా, "టాంటీ, పీహెచ్‌డీకి సీటొచ్చింది," అంది.

"ఎన్నేళ్ల పరీక్ష అది?"

"ఆరేళ్లు."

ఎల్మా తక్కెడ వదిలేసి వీధిలోకి వచ్చింది. "ఒరేయ్, తొట్లు కడగండ్రోయ్! నర్సమ్మ తలకు మళ్లీ పరీక్ష చుట్టుకుంది! ఈసారి ఆరేళ్లు!"

వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఊరు ఉసూరుమంది. ఎవరో నర్సమ్మను గట్టిగానే తిట్టారు. తిడుతూనే చీపుళ్లు వెతుక్కోవడానికి ఇళ్లలోకి వెళ్లారు.