దాణా అర్రలో తాత గొంతు

మా ఇంట్లో పాటలు వినడానికి అన్నిటికన్నా మంచి చోటు దాణా అర్ర. పాతబస్తీలో, ఛత్రినాకలో గల్లీ చివర మా ఇల్లు, ఇంటి వెనక బర్రెల కొట్టం, రెండింటికీ నడుమ ఈ అర్ర. మూడు గోడలకీ నిలువెత్తున తవుడు బస్తాలు, పత్తిచెక్క బస్తాలు. తలుపేస్తే ఆటోల హారన్లూ, పక్కింటి కుక్కర్ విజిళ్లూ సగానికి సగం చచ్చిపోతాయి. లోపల మోగిన శబ్దం గోడకు తగిలి తిరిగి రాదు, బస్తాల్లోకి ఇంకిపోతుంది. ఇలాంటి గది కోసం డబ్బున్నవాళ్లు గోడలకు స్పాంజి అతికించుకుంటారట. మాకు ఆ పని బర్రెల మేతే చేసిపెట్టింది.

నేను సర్కారీ ఆఫీసులో గుమస్తాను. నాకున్న ఒకే ఒక్క పిచ్చి ఆల్బంలు. అవీ మామూలువి కావు. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి అని నడిచే పాటంటే నాకు ఓపిక తక్కువ, ఎటు పోతుందో ముందే తెలిసిపోతుంది. రికార్డు ఒక పక్కంతా ఒకే గిటారు తీగ మూలుగుతూ ఉండేవి, టేపును వెనక్కి తిప్పి దాని మీద డోలు వాయించేవి, వాన చప్పుడులోంచి ఆర్గాన్ మెల్లగా పైకి తేలేవి, వింటూ వింటూ ఉంటే గోడలు వెనక్కి జరిగినట్టు అనిపించేవి నాకు కావాలి. వీటిని సైకడెలిక్ అనీ, ఎక్స్‌పెరిమెంటల్ అనీ అంటారు. మా బాపు మాత్రం అన్నిటినీ కలిపి "మిక్సీ పాటలు" అంటాడు.

రికార్డు ప్లేయరు పాత సామాన్లు అమ్మే జుమ్మేరాత్ బజార్‌లో దొరికింది. మూత లేదు, ఒక కాలు పొట్టి. అమ్మినాయన స్పీడు స్విచ్ చూపించి "బడే కో తైంతీస్, ఛోటే కో పైంతాలీస్, బస్" అని విద్యంతా ఒక్క ముక్కలో నేర్పేశాడు. పెద్ద ప్లేటుకు ముప్పై మూడు, చిన్న ప్లేటుకు నలభై అయిదు. నిమిషానికి అన్ని చుట్లు తిరుగుతుందన్నమాట. నేను ఆ మాటను కళ్లకద్దుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

నిజం చెప్పాలంటే మొదట్లో ఈ ఆల్బంలు నాకూ ఎక్కలేదు. ఒకటి పెట్టేవాణ్ని, తల నొచ్చేది, తీసేసేవాణ్ని. కానీ పాలు పిండే ఇంట్లో పుట్టినవాణ్ని కదా, ఒక సంగతి తెలుసు. కొత్త బర్రె వచ్చిన రోజే పాలివ్వదు. పొదుగు నిండా ఉన్నా బిగబట్టుకుంటుంది. దూడను కాసేపు విడిచి, వెన్ను నిమిరి, గొంతులో ఏదో కూనిరాగం తీస్తూ పక్కన కూర్చుంటే, మన మీద నమ్మకం కుదిరాక అప్పుడు పాలు దిగుతాయి. దాన్నే చేపడం అంటారు. అది చేపేదాకా కొట్టంలో ఎవరూ మాట్లాడకూడదు, లేచి తిరగకూడదు. మా ఇంట్లో చిన్నా పెద్దా అందరికీ ఈ కట్టుబాటు వర్తిస్తుంది, చుట్టాలకు కూడా.

ఆల్బంల దగ్గరా అదే పెట్టుకున్నాను. ప్లేటు మీద ముల్లు దించాక ఆ పక్క అయిపోయేదాకా కదిలేది లేదు, నచ్చినా నచ్చకపోయినా. అలా కూర్చుంటే ఒక్కోటి మొదటిసారే చేపేది. ఒక్కోటి నెలల తరబడి తిప్పలు పెట్టేది. కొన్ని తన్నేవి కూడా. వాటిని మళ్లీ జుమ్మేరాత్ బజార్‌కే తోలేసేవాణ్ని.

ఆదివారం మధ్యాహ్నాలు, పొద్దుటి పిండుడుకూ సాయంత్రం పిండుడుకూ మధ్య ఉన్న ఖాళీలో వినేవాణ్ని. బాపు అర్ర గుమ్మం ముందు మంచమేసుకుని పడుకునేవాడు. ఆయన గురక చాలా ఆల్బంలలో కలిసిపోయింది. ఒకసారి ఆయన ఊళ్లో లేనప్పుడు వాటిలో ఒకటి పెడితే ఏదో వాయిద్యం తగ్గినట్టనిపించింది.

అమ్మ దాణా కోసం గంప పట్టుకుని వచ్చేది. వచ్చినప్పుడల్లా ఒక మాట విసిరిపోయేది.

"వీనికేం కష్టమొచ్చిందిరా, గిట్ల ఏడుస్తున్నడు?"

"ఇది పాటనా, బోరు మోటర్ కాలిందా?"

రాను రాను గంప పక్కన పెట్టి గుమ్మంలో నిలబడడం మొదలుపెట్టింది. తర్వాత బస్తా మీద కూర్చోవడం. ఆమెకు సినిమా పాటల పిచ్చి ఎప్పుడూ లేదు, అందుకేనేమో ఈ ఆల్బంలు పాటల్లా లేవనే ఫికర్ కూడా లేదు. బాగున్నదాన్ని "చేపిందిరా" అనేది, లేనిదాన్ని "దీన్ని అమ్మెయ్" అనేది. ఆమె తీర్పులో మస్తు నిజం ఉండేది. గొప్ప పేరున్న ఒక ఆల్బంను నేను మొహమాటానికి మెచ్చుకుంటూ ఉంటే ఒక్క మాటతో వదిలించింది.

ఒక ఆదివారం కొత్త ప్లేటు పెట్టాను. జుమ్మేరాత్ బజార్‌లో ఒక పాత సామాన్ల డబ్బా అడుగున దొరికింది. నల్లటి అట్ట, బొమ్మ లేదు, ఏ దేశం అక్షరాలో తెలియదు. పేరు టైపు చేసి వెతుకుదామన్నా అక్షరమే రాదాయె. ఫోనుకు వినిపిస్తే ఫోను కూడా చేతులెత్తేసింది. పెద్ద ప్లేటు కాబట్టి ముప్పై మూడు మీద పెట్టాను. ముందు సన్నగా తంబురా లాంటి మోత, దాని కింద నీళ్ల చప్పుడు. చాలాసేపటికి ఒక మగగొంతు లేచింది. బొంగురు గొంతు, ముసలి గొంతు. మాటలు లేవు. "ఊఁ... హూఁ..." అని లోపల్నుంచి తీస్తున్నాడు. మధ్యలో ఎక్కడో ఇత్తడి చెంబు కింద పెట్టినట్టు ఠంగుమని ఒక చప్పుడు.

గంప నింపుకుంటున్న అమ్మ ఆగిపోయింది. గంప వదిలేసి పత్తిచెక్క బస్తా మీద కూలబడింది. ముల్లు లేచేదాకా అక్కడే ఉంది. తర్వాత అడిగింది.

"ఎవరురా గీయన?"

"తెల్వదమ్మా. పేరు సుత చదవొస్తలేదు."

"మా నాయిన లెక్కనే ఉన్నడు."

నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగాను. అమ్మ వాళ్ల నాయిన నేను పుట్టకముందే పోయాడు. ఇప్పుడు చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ ఉన్న వైపు ఖాళీ జాగాలుండే రోజుల్లో ఆయన బర్రెలు అక్కడే ఉండేవట. ఎంత మొండి బర్రెనైనా ఆయన గొంతుతోనే చేపించేవాడట. చిన్నప్పుడు అమ్మ దూడ తాడు పట్టుకుని ఆయన పక్కన కూర్చునేది. ఈ కథలు మేం చాలాసార్లు విన్నవే. కానీ ఆ రోజు విననిది ఒకటి చెప్పింది.

"మొహం ఫోటోల ఉన్నది. గొంతే, ఎంత యాది చేసుకున్నా వస్తలేకుండె. ఎన్నేండ్లాయె రా, నాయిన గొంతు మర్చిపోయిన్నని ఎవ్వరికి చెప్పుకోను? ఇయ్యాల దొరికింది."

ఆ తర్వాత మా ఇంట్లో ఆ ఆల్బం పేరు తాత. "తాతను పెట్టురా" అంటే అదే. ఆదివారం ఏ ఆల్బం విన్నా చివరికి తాత రావాల్సిందే. చెంబు చప్పుడు దగ్గర అమ్మ కళ్లు మూసుకుని తల ఊపేది, "అగో, చెంబు పెట్టిండు" అన్నట్టు. నాకు కూడా నెమ్మదిగా ఆయన తాతే అయిపోయాడు.

కొన్నాళ్లకు మూసీ అవతల, కొత్త ఊళ్లో, ఒక కాఫీ హోటల్ మేడ మీద నాలాంటి పిచ్చివాళ్లు కొందరు కలుస్తున్నారని తెలిసింది. ఆదివారం సాయంత్రాలు ఒక్కొక్కరు ఒక్కో ఆల్బం తెచ్చి వినిపిస్తారు. నేను వెళ్లి రెండు మూడుసార్లు వెనక కూర్చుని వచ్చాను. నా వంతు వచ్చినప్పుడు తాతను తెస్తానని చెప్పాను. ఆ మాట ఇంట్లో నోరు జారి చెప్పేశాను.

"మా నాయినను నలుగురికి వినిపిస్తవు, నేను రావద్దా?" అంది అమ్మ.

బాపు "బర్రెలకు నేనున్న, పోయిరాండ్రి. మిక్సీ పాటలకు టికెట్ సుత ఉన్నదా?" అన్నాడు.

బండి మీద బయలుదేరాం. అమ్మ వెనక కూర్చుని తాతను దిండు గలేబులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. లాడ్ బజార్ దాటుతుంటే భుజం తట్టి బండి ఆపించింది. అంతమంది ముందుకు పాత గాజులతో ఎట్లా వస్తుందట. లక్కగాజులు బేరమాడి, పాత గాజులు తీయించి, కొత్తవి వేయించుకునేసరికి నాకు చెమటలు పట్టాయి. ఆమెకు మాత్రం ఏ తొందరా లేదు. "నాయిన ఏడికి పోతడురా, నా ఒళ్లనే ఉన్నడు" అంది.

మేడ మీద ఇరవైల్లో ఉన్న పిల్లలే ఎక్కువ. అమ్మకు ముందు వరుసలో సోఫా ఇచ్చారు. ఆ సభ నడిపే అమ్మాయి నా చేతిలోంచి ప్లేటు తీసుకుని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసింది. ముల్లు దించింది. నేను వెళ్లి అమ్మ పక్కన కూర్చున్నాను.

తంబురా మోత మొదలైంది. కొంచెం సన్నగా ఉందేమిటి అనుకున్నాను, వాళ్ల స్పీకర్లు మంచివి కాబోలు అనుకున్నాను. నీళ్లు కూడా గబగబా పారుతున్నాయి. వెనక ఇద్దరు గుసగుసలాడుకుంటుంటే అమ్మ వెనక్కి తిరిగి, "ష్... ఇంకా చేపలేదు" అంది. ఆ మాట అర్థం కాకపోయినా వాళ్లు నోరు మూసుకున్నారు.

అప్పుడు గొంతు లేచింది. ఆడపిల్ల గొంతు. పదహారేళ్లుంటాయేమో. తేటగా, చురుగ్గా "ఊఁ, హూఁ" అని తీస్తోంది.

నాకు అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. ప్లేయర్ మీద చిన్న దీపం నలభై అయిదు దగ్గర వెలుగుతోంది. ప్లేటు మధ్య కాగితం మీద ఆ తెలియని అక్షరాల నడుమ 45 అని ఉండడం నేనూ చూశాను. అది ప్లేటు నంబరనుకున్నాను. పెద్ద ప్లేటుకు ముప్పై మూడే కదా! అంటే తాత లేడు. ఇన్నాళ్లూ మేం ఒక పడుచుపిల్లను మెల్లగా తిప్పి తాతను చేసుకున్నాం.

భయమేసింది. నా పరువు పోయిందని కాదు. ఎన్నో ఏళ్లకు దొరికిన గొంతు అమ్మకు మళ్లీ పోతోంది, అదీ ఇంతమంది ముందు, కొత్త గాజులు వేసుకుని వచ్చిన రోజున. ముల్లు ఎత్తేద్దామని లేవబోయాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"కూసో" అంది.

కట్టుబాటు కట్టుబాటే. కూర్చున్నాను. ఆ పక్కంతా నేను ఆల్బం వినలేదు, అమ్మ మొహమే చూశాను. ముందు కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత తల కొంచెం వాల్చింది. మధ్యలో టింగుమని చిన్న చప్పుడు వచ్చింది. మా చెంబే. ఆమె చెయ్యి నా చేతి మీద ఒక్కసారి బిగిసింది. అదే ప్లేటని ఆమెకు తెలిసిపోయింది. ఆ తర్వాత ఆమె మొహంలో ఏముందో నాకు అందలేదు.

ముల్లు లేచింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి దగ్గరకు వచ్చి, "చాలా అరుదైన ఆల్బం ఆంటీ. ఎలా ఉంది?" అంది.

"మంచిగ చేపింది బిడ్డా" అంది అమ్మ. తర్వాత నా వైపు తిరిగి, "మన ఇంట్ల మెల్లగ తిరుగుతున్నదా?" అని అడిగింది.

"అవునమ్మా. నాకు తెల్వక తప్పు నంబర్ మీద పెట్టిన" అన్నాను.

అమ్మ నవ్వింది. ఊరికే నవ్వడం కాదు, గాజులు గలగలమనేలా నవ్వింది.

"దూడను పట్టుకొని నాయిన పక్కన కూసుంటుంటి గద. ఆయన తీస్తుంటే నేను గూడ తీస్తుంటి. ఆయన మెల్లగ, నేను జల్ది జల్ది. 'బర్రె బెదురుతది, ఆగే' అని నవ్వుతుండె." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నాయిన గొంతు పోయిందని ఎన్నిమార్లు ఏడ్చిన్నో. నా గొంతు సుత పోయిందని నాకు యాదే లేకుండె."

ఆ అమ్మాయికి ఏం జరిగిందో చెప్పాను. ఆమె ఇంకేమీ అనకుండా వెళ్లి ముప్పై మూడు మీద పెట్టింది. తాత లేచాడు. ఆ మేడ మీద ఎవరూ ఫోను కూడా తీయలేదు.

తర్వాతి ఆదివారం దాణా అర్రలో అమ్మ తన బస్తా మీద కూర్చుని, "ముందుగాల నాయినను పెట్టు, ఎనుక నన్ను పెట్టు" అంది. అలాగే పెట్టాను. తాత అయిపోయాడు. స్విచ్ మార్చి మళ్లీ ముల్లు దించాను. ఆ పిల్ల గొంతు లేవగానే గుమ్మం ముందు గురక ఆగింది. బాపు కళ్లు తెరవకుండానే అడిగాడు.

"ఎవరే ఆ పిల్ల?"

"నేనే, పండుకో" అంది అమ్మ.