అడక్కుండా వచ్చిన తువ్వాలు

మా వీధి బోరులో వచ్చేవి ఉప్పునీళ్లు. కారు కడిగాక వెంటనే తుడవకపోతే ఒళ్లంతా తెల్లమచ్చలే. అందుకే ఈ రోజు ఎండెక్కక ముందే కడిగి, గబగబా తుడుస్తున్నాను.

ఇంతలో పక్కింటి రమణయ్య, గుంటల్లో రొయ్యలు పెంచే మనిషి, సొంత తువ్వాలుతో వచ్చి అద్దాలు తుడవడం మొదలుపెట్టాడు. పదేళ్లుగా అరుగు మీద కూర్చుని "అన్నా, అక్కడ మచ్చ" అని చూపించడమే తప్ప చెయ్యి తడుపుకున్నవాడు కాదు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

"డిక్కీ తియ్యన్నా, లోపల గూడా తుడిచేస్తా."

"లోపల నీళ్లు పడలేదే?"

"తడుంటే మేత బస్తాలు చెడిపోతాయి గదన్నా!"

"ఏం మేత?"

"వదిన చెప్పలేదా? రేపు నెల్లూరు నుంచి రొయ్యల మేత తెచ్చుకోవాల, కారు కావాలని నిన్ననే అడిగినా. తీసుకుపొమ్మనింది."

ఇంట్లోకి చూశాను. అప్పటిదాకా చప్పుడు లేని వంటింట్లో మిక్సీ ఒక్కసారిగా మోగింది.

రొయ్యల మేత వాసన కారులోంచి ఎన్నాళ్లకు పోతుందో అనుభవమున్నవాళ్లు చెప్పండి. తుడవడానికి మాత్రం దయచేసి ఎవరూ రావద్దు.