మైకు ఒక్కటే చూడలేదు

ఆదిలాబాద్‌లో లాప్‌టాప్‌ల దుకాణం షట్టరు లేచేసరికి నేను గుమ్మం ముందున్నాను. జేబులో పెన్‌డ్రైవ్, అందులో విండోస్‌కు బదులు నేను వాడే లినక్స్. కంప్యూటర్ మీద పుస్తకాలకు పేజీలు కట్టే పని నాది, పదేళ్లుగా దాని మీదే చేస్తున్నాను. కొన్ని కొత్త లాప్‌టాప్‌లకు లినక్స్ అంటే పడదు. కొన్నాక వైఫై రాదని తెలిస్తే తల బాదుకోవాల్సిందే. అందుకే ముందే నడిపి చూస్తాను.

పొద్దున్నే వెళ్లడంలో నా జిత్తు కూడా ఉంది. బోణీ బేరాన్ని ఎవరూ ఊరికే తిప్పి పంపరు.

"గిండ్ల విండోస్ ఉన్నది గద సార్, గదెందుకు?" అన్నాడు దుకాణాయన.

"పెన్‌డ్రైవ్ తీస్తే మళ్ల ఎప్పటిలెక్కనే ఉంటది."

"జర పైలం. బోణీ బేరం."

వైఫై పట్టింది. పాట మోగింది. మూత మూసి తెరిస్తే నిద్రపోయి లేచింది. ఒక్కోదానికి కాగితం మీద టిక్కు పెడుతుంటే ఆయన నవ్వాడు.

"పిల్లను సూడవొయ్యినోళ్లు గూడ గింతగనం సూడరు సార్. మైకు గూడ సూస్కోండ్రి."

"అక్కర్లే. నాకు మాట్లాడేటోళ్లు లేరు."

ఆయన నవ్వు ఆపి బిల్లు పుస్తకం తీశాడు.

నిజానికి కరీంనగర్‌లో అక్క ఉంది. నాలుగేళ్ల కింద, నన్నడగకుండా కూతురి సంబంధం ఖాయం చేసిందని అలిగి పెళ్లికి పోలేదు. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మోయాల్సిన మేనమామను నేను. ఆ గంప ఎవరు మోశారో అడగడానికి కూడా మొహం చెల్లలేదు. అక్క ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు. ఒంటరిగా హాయిగా ఉన్నానని అందరికీ చెప్పేవాణ్ని. వట్టి అబద్ధం. ఒక్కణ్నే గోడకేసి చూస్తూ అన్నం తినేటప్పుడు అక్క గొంతు వినాలనిపించేది.

రెండు నెలలకు మేనకోడలి మెయిల్ వచ్చింది. తన పాపను రేపు తొట్టెల్లో వేస్తున్నారట. "నువ్వు రావని ఎరికే మామా, లింకులనన్న సూడు" అని రాసింది.

మర్నాడు కొత్త లాప్‌టాప్‌లో ఆ వీడియో లింకు నొక్కాను. మొహం చూపించడానికి సిగ్గేసి కెమెరా ఆపేశాను. పూలు చుట్టిన తొట్టెల, పక్కన అక్క. జుట్టు సగం నెరిసింది.

"మామ అచ్చిండు" అంది మేనకోడలు, తెర మీద నా పేరు చూసి. అందరూ ఇటు తిరిగారు.

"అక్కా, తప్పు నాదే" అన్నాను. ఎవరూ కదల్లేదు. ఇంకా గట్టిగా అన్నాను. మైకు పనిచేయడం లేదని నాకు తట్టేలోపే అక్క అంది, "సూడు, ఇంక కోపంలనే ఉన్నడు. నోరిప్పుతలేడు."

వెంటనే ఫోన్ తీసుకున్నాను. నంబరు ఎప్పుడో తీసేశాను గానీ వేళ్లు మరిచిపోలేదు. తెర మీద అక్క ఫోన్ అందుకుని, నంబరు వైపు చాలాసేపు చూసి, చెవికి పెట్టుకుంది.

"అక్కా, వినబడ్తుందా?"

"వినబడ్తుంది. చెప్పు."

లాప్‌టాప్‌కు చెప్పిన మాటలు వదిలేసి, నాలుగేళ్లుగా అడగలేనిది అడిగాను.

"గంప ఎవరు మోసిండ్రక్కా?"

తెర మీద అక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఎవ్వల్ని మోయనియ్యలే. పిల్ల నడుసుకుంటనే అచ్చింది."