చెయ్యి వద్దు, కోడిని పట్టుకో

పొద్దున ఎనిమిదింటికి వరంగల్ స్టేషనుకు చేరాను. బండి ఎనిమిది ఇరవైకి. మా ఇల్లు శివనగర్‌లోనే. మామూలు మనిషికి పది నిమిషాల నడక, నాకు ఇరవై ఐదు పట్టింది. మా ఆయన స్కూటర్ మీద దింపుతానంటే వద్దన్నాను. చెల్లెలి ఊరికి ఒక్కదాన్నే పోయి రావాలి, అదీ మా పందెం. నెగ్గితే ఇకమీద నా ప్రయాణాలకు ఆయన అడ్డు చెప్పడు. ఎక్కడైనా కూలబడితే ఆయన తోడు లేకుండా నేను గడప దాటకూడదు.

పందెం దాకా ఎందుకొచ్చిందంటే, మూడేళ్ళ కిందట నాకు లూపస్ అనే జబ్బు వచ్చింది. స్టీరాయిడ్ గోలీలు నా ప్రాణం నిలబెట్టాయి, కాళ్ళను మాత్రం కూర్చోబెట్టాయి. ఇరవై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన తొడలు కుర్చీలోంచి లేవనని మొరాయించాయి. జడ వేసుకుందామని చేతులెత్తితే సగంలోనే దిగిపోయేవి. జబ్బు ముదిరిందనుకొని ఏడ్చాను. డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, "ఇది జబ్బు కాదమ్మా, మందు చేసిన పని. డోసు మెల్లమెల్లగ తగ్గిద్దాం. నీ అంతట నువ్వు మాత్రం ఆపకు, ప్రాణం మీదికొస్తది" అని చెప్పి, కసరత్తు నేర్పే అమ్మాయి దగ్గరికి పంపింది. ఆ అమ్మాయి కుర్చీ మీద రెండు దిండ్లు వేసి నన్ను కూర్చోబెట్టి లేపేది. కొన్నాళ్ళకు ఒక దిండు తీసేసింది, ఇంకొన్నాళ్ళకు రెండోదీ తీసేసింది. అయినా మా ఆయనకు గుండె ధైర్యం చాలదు. ఆరు నెలల కిందట బస్సు మెట్టు మీద మోకాళ్ళు ముడుచుకుపోయి నేను పడ్డప్పుడు లేపి ఇంటికి తెచ్చింది ఆయనే మరి.

వరంగల్‌లో ప్లాట్‌ఫాం ఎత్తు కాబట్టి బండి ఎక్కడం సులువే. పది రూపాయల టికెట్టు, కిటికీ పక్కన సీటు. ఎదురుగా ఒక ముసలమ్మ, కూరగాయలు అమ్ముకొని ఖాళీ గంపతో ఊరికి పోతోంది. నేను ఇడ్లీ తిని గోలీలు వేసుకుంటుంటే నా ఉబ్బిన ముఖం వంక తేరిపార చూసింది.

"నిండుగ, మంచిగున్నవ్ బిడ్డా. ఏం తింటానవ్?"

"గోలీలు తింటాన అవ్వా" అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. చింతలపల్లి దాటేలోపు నా కథంతా లాగేసుకుంది. నా అసలు భయం దిగడం. చెల్లెలి ఊరిది నెక్కొండ పక్కన చిన్న స్టేషను. ప్లాట్‌ఫాం నేలబారుగా ఉంటుంది, బండి ఆగేది ఒక్క నిమిషం.

"దానికి ఫికర్ ఎందుకే? ముంగటికి దిగకు. ఎనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగు" అంది అవ్వ.

తొమ్మిదింటికి సరిగ్గా అలాగే దిగాను. రెండు కడ్డీలూ పట్టుకొని, ముఖం బండి వైపు, వీపు ఊరి వైపు. కాలు నేల మీద ఆనగానే నాకు నవ్వాగలేదు. అవ్వ కిటికీలోంచి గంప ఊపింది. నాలాంటి కాళ్ళున్న వాళ్ళెవరైనా ఈ దారిన వస్తే ఆమె మాట గుర్తుంచుకోండి.

చెల్లె సుగుణ ఆటోతో సిద్ధంగా ఉంది. ఆ రోజు వాళ్ళ చర్చిలో కోత పండుగ. పొలంలో, పెరట్లో, దొడ్లో పండినవాటిలో మొదటి వంతు తెచ్చి దేవునికి ఇస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. బజారులో యాభైకి దొరికే సొరకాయ అక్కడ మూడు వందలకు పోతుంది, అయినా ఎవరూ బాధపడరు. ఒకసారి వేలంపాట పాడిన వాళ్ళు వెనక్కి పోవడమన్నది మాత్రం ఆ ఊళ్ళో లేదు.

షామియానా కింద ఆడవాళ్ళంతా జంపఖానా మీద కూర్చున్నారు. నేలమీద కూర్చుంటే నన్ను లేపడానికి ఊరంతా రావాలి కనుక సుగుణ నాకు చేతుల కుర్చీ వేసి, తను వంటల దగ్గరికి వెళ్ళింది. పన్నెండింటికి వేలం మొదలైంది. గుమ్మడికాయలు పోయాయి, మిరపకాయల బస్తా పోయింది. తర్వాత ఎర్రటి పుంజు వచ్చింది. సంఘపెద్ద దాన్ని గాల్లోకి ఎత్తి, "ఐదు వందలు, ఐదు వందలు" అంటున్నాడు. నాకేమో అర్జంటుగా పెరట్లోకి పోవాల్సి వచ్చింది. దూరంగా సుగుణ కనిపిస్తే, వచ్చి లేపవే అన్నట్టు చెయ్యి పైకెత్తాను.

"ఆరు వందలు! వరంగల్ అక్క ఆరు వందలు!"

నేను చెయ్యి ఆడించాను, కాదు కాదని.

"ఏడు వందలు! అక్క తన పాట మీద తనే పాడ్తాంది సూడుండ్రి!"

జనం గొల్లుమన్నారు. నా మీద పాడే మొగోడు లేకపోయె. మూడుసార్లు పిలిచి పుంజును నాకు ఖాయం చేశాడు. "వచ్చి తీస్కపో అక్కా" అన్నాడు. సుగుణ చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చి నా చంకల కింద చెయ్యి వేయబోయింది.

"ఆగే" అన్నాను. ఇంతమంది ముందు బస్తాలా లేవడం నాకిష్టం లేదు. కుర్చీ అంచుకు జరిగాను. పాదాలు వెనక్కి లాక్కున్నాను. ముక్కు కాలివేళ్ళను దాటేలా వంగాలని కసరత్తు అమ్మాయి చెప్పేది. వంగాను, లేచాను. ఊరంతా పుంజు కోసం చప్పట్లు కొట్టింది. సుగుణ ఒక్కతే నా కోసం కొట్టింది, కళ్ళ నిండా నీళ్ళతో. పుంజు సంగతి ఆమెకే అప్పగించి ముందు పెరట్లోకి నడిచాను.

భోజనం బగారన్నం, కోడికూర. ఉప్పు తగ్గించమన్నారు కాబట్టి పచ్చడి జోలికి పోలేదు, వడ్డించినవాళ్ళు నొచ్చుకోకుండా తిన్నట్టు నటించాను. నాలుగున్నరకు మళ్ళీ స్టేషను. చేతిసంచిలో పుంజు, తల మాత్రం బయటికి పెట్టి లోకాన్ని చూస్తోంది. దిగడం ఒక ఎత్తు, ఎక్కడం ఒక ఎత్తు. మొదటి మెట్టు నా తొడ దాకా ఉంటుంది, రెండు చేతులూ కావాలి.

బండి పదిహేను నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. తలుపు దగ్గర మెడలో తువ్వాల వేసుకున్న నడివయసు మనిషి నిలబడి ఉన్నాడు. నా అవస్థ చూసి వంగి చెయ్యి చాచాడు.

"ఇయ్యుండ్రి అక్కా, గుంజుత."

"చెయ్యి వద్దు తమ్మీ, జర కోడిని పట్టుకో."

పాపం, సంచి అందుకొని పట్టుకున్నాడు. కడ్డీలు రెండూ అందుకున్నాను. కాలు మెట్టు మీదికి ఎక్కింది, తొడ వణికింది, మనిషి లేవలేదు. బండి కూత వేసింది. "అక్కా!" అని వెనకనుంచి సుగుణ. ముక్కు ముందుకు, అనుకున్నాను. ఒళ్ళంతా కడ్డీల మీదికి వంచి లేచాను. రెండో మెట్టు ఎక్కాను, మూడోదీ ఎక్కాను. లోపల సీట్లో చతికిలబడి ఎంత గట్టిగా నవ్వానంటే, పుంజు బెదిరి కూసింది. పెట్టెలో జనమంతా నాతో పాటు నవ్వారు.

నెక్కొండ దాటాక పొద్దు కుంకుతున్న పత్తి చేలు చూస్తూ కూర్చున్నాను. ముప్పై కిలోమీటర్ల ప్రయాణం, జబ్బుకు ముందు లెక్కలో కూడా వేసుకోనిది. గోలీలు ఇంకా ఉన్నాయి, తొడలు ఇంకా వణుకుతాయి. కానీ ఈ కాళ్ళు నావే అని మూడేళ్ళ తర్వాత మొదటిసారి అనిపించింది. నాకు చాలా సంతోషంగా ఉంది, దాచుకోవడం ఎందుకు.

ఆరింటికి వరంగల్. మా ఆయన పెట్టె పెట్టెలోకీ తొంగి చూస్తూ పరుగెత్తుకొస్తున్నాడు. నన్ను చూసి గబగబా తలుపు దగ్గరికొచ్చి, దింపుదామని చెయ్యి చాచాడు. ఆ చేతిలో కోడిని పెట్టి, నేను దిగాను.